నెట్ బంద్ చేసినా యాప్‌కి స్పేస్ స్టేషన్ టైం ఎట్ల తెలుస్తది?

ప్రశ్న: సార్ నమస్తే. మాది హన్మకొండ, డిగ్రీ చదువుతున్న. స్పేస్ స్టేషన్ ఎప్పుడు కనిపిస్తదో చెప్పే యాప్ ఉంది నా ఫోన్‌ల, నెట్ బంద్ చేసినా టైం చెప్తది, అదెట్ల? ఇంకోటి, రెండు మూడు వారాల కింద స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకున్న టైంకి భద్రకాళి చెరువు కట్ట మీదికి పోతే అప్పటికే అది పైకొచ్చేసి ఉంది. లెక్క తప్పా?

జవాబు: లెక్క మంచిదే తమ్మీ, దానికిచ్చిన అంకెలు పాతబడ్డయ్. నెట్ ఉన్నప్పుడు యాప్ ఒక్కో ఉపగ్రహానికి రెండు లైన్ల అంకెలు దించుకుంటది, టీఎల్‌ఈ అంటరు దాన్ని, కక్ష్య ఎంత వాలుగ ఉంది, రోజుకి ఎన్ని చుట్లు, ఫలానా క్షణంల ఎక్కడుంది, గాలి ఎంత ఆపుతుంది, అన్నీ అండ్లనే ఉంటయ్. వాటిని ఎస్‌జీపీ4 అనే, ఉపగ్రహం ఎప్పుడు ఎక్కడుంటదో చెప్పే ఫార్ములాలల్ల వేసి నీకు కావాల్సిన టైం పెడితే నేరుగ జవాబొస్తది, మధ్యల క్షణక్షణం లెక్క కట్టుకుంట పోవాల్సిన పని లేదు. అందుకే చిన్న ఫోన్‌కి కూడా సులువే.

అసలు కష్టం ఆ ఫార్ములాలు తయారుచేసుడే. భూమి సరిగ్గ గుండ్రంగ ఉంటే కెప్లర్ సూత్రాలే చాలు, కానీ నడుం దగ్గర, అంటే భూమధ్యరేఖ కాడ, వ్యాసార్థం 6378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6357. ఆ 21 కిలోమీటర్ల ఉబ్బుకే స్టేషన్ కక్ష్య రోజుకి దాదాపు 5 డిగ్రీలు పడమటికి జరుగుతది, అందుకే ఆ దారి మన ఊరి మీదికి రోజూ సుమారు 24 నిమిషాలు తొందరగ వస్తది. ఈ ఉబ్బు ప్రభావాన్ని ఫార్ములాలల్ల పెట్టింది ఖగోళ శాస్త్రవేత్తలు డర్క్ బ్రౌవర్, యోషిహిదె కొజాయ్, వేర్వేరుగ, ఇద్దరూ 1959లనే. నాకైతే ఇప్పటికీ అబ్బురమే, స్పుత్నిక్ ఎగిరి అప్పటికి రెండేండ్లే!

ఇగ గాలి సంగతి. 400 కిలోమీటర్ల ఎత్తుల కూడా పల్చగ గాలుంటది, సూర్యుడు రేగితే అది ఉబ్బుతది, రెండు లైన్లల్ల ఉన్న ఒక్క అంకె దాన్ని ముందే పట్టలేదు. గాలి ఎక్కువ ఆపితే స్టేషన్ కిందికి దిగుతది, కిందికి దిగితే చుట్టు తొందరగ అయిపోతది, అందుకే నీకన్నా ముందొచ్చింది. సెకనుకి 7.66 కిలోమీటర్లు పోతది కాబట్టి పది సెకన్ల తేడా అంటే దాదాపు 77 కిలోమీటర్లు. పైగా మధ్యమధ్యల ఇంజన్ మండించి పైకి లేపుతరు, అది పాత అంకెలకి తెల్వదు.

చూసే రోజే యాప్ అప్‌డేట్ చేసుకో. పైథాన్ ప్రోగ్రామింగ్ వస్తే ఎస్‌జీపీ4 లైబ్రరీ ఫ్రీగ దొరుకుతది, పాత టీఎల్‌ఈతోని ఒకసారి, కొత్తదాంతోని ఒకసారి అదే సాయంత్రానికి లెక్క తీసి చూడు, ఎన్ని సెకన్లు జరిగిందో నీకే కనవడ్తది.