హోమ్ థియేటర్ కొంటానంటున్న ప్రొద్దుటూరు తమ్ముడికి

ప్రశ్న: అన్నా, మాది ప్రొద్దుటూరు. డల్లాస్ వచ్చి అయిదు నెలలైంది. ఒక బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్‌లో ఒక్కణ్ణే ఉంటున్నా. 55 అంగుళాల టీవీ కొన్నాను గానీ సౌండ్ ఏం బాగలేదు. 600 డాలర్లలో హోమ్ థియేటర్ పెట్టుకోవాలని ఉంది. షాపులో ఏడాది దాకా వడ్డీ లేదంటున్నారు. రెండేళ్లు వాడుకుని అదే సెట్టు ఊరికి తీసుకుపోయి అమ్మానాయనలకు ఇవ్వొచ్చు కదా?

జవాబు: తమ్ముడూ, నువ్వు అడిగింది సౌండ్ గురించి. నాకు మాత్రం ముందు ఆ వడ్డీ మాటే కంట్లో పడింది. స్పీకర్ల సంగతి తర్వాత చెప్తా, ముందు ఇది విను.

మాది దేవుని కడప. 2006లో ఇక్కడికొచ్చాను. 2007లో థాంక్స్‌గివింగ్ మరుసటి రోజు, తెల్లారక ముందే చలిలో లైనులో నిలబడి ఒక పెద్ద డబ్బా సెట్టు మోసుకొచ్చాను. అయిదు చిన్న స్పీకర్లు, గుమ్మనే మోత కోసం ఒక సబ్‌వూఫర్, డీవీడీ ప్లేయర్‌తో కలిసిన యాంప్లిఫయర్, అన్నీ అందులోనే. 900 డాలర్లు. చేతిలో అంత లేదు. షాపు కార్డు తీసుకుంటే 18 నెలలు వడ్డీ ఉండదన్నారు, సంతకం పెట్టేశాను. అప్పటికి మా నాయన మూడో బోరు వేయించి ఏడాది కాలేదు. ముందు వేసిన రెండింటిలో నీళ్లు పడలేదు. ఆ అప్పుకు నెలనెలా నేనే పంపుతున్నా. అట్లాంటి మనిషిని, సంతకం పెట్టే ముందు ఆ కాగితం ఒకసారి తిరగేసి చూడలేదు.

నెలకు 45 డాలర్లు కట్టుకుంటూ పోయాను. 18 నెలలకు 810 అయింది, ఇంకా 90 మిగిలింది. వడ్డీ పడితే ఆ 90 మీదే కదా పడేది అని నిశ్చింతగా ఉన్నాను. తర్వాతి నెల బిల్లులో 200 డాలర్లు దాటిన వడ్డీ వచ్చి పడింది. ఆ ఆఖరి 90 మీద కాదు, మొదటి రోజు నుంచి నెల నెలకీ ఉన్న బాకీ మీద కట్టిన లెక్క అది. అప్పటి డాలర్ రేటుకు దాదాపు 10,000 రూపాయలు. ఫోన్ చేసి గంటసేపు మాట్లాడాను, అగ్రిమెంట్‌లో ఉంది సార్ అన్నారు. ఉంది, నేనే చదవలేదు. దీన్ని డిఫర్డ్ ఇంటరెస్ట్ అంటారు. గడువులోగా పైసాతో సహా తీర్చకపోతే పాత వడ్డీ అంతా ఒక్కసారిగా మీద పడుతుంది. మామూలు జీరో పర్సెంట్ కార్డు ఇట్లా ఉండదు, అందులో గడువు దాటాక మిగిలిన బాకీకే వడ్డీ. నీ షాపు వాళ్లు ఇస్తానంటున్నది ఏ రకమో అగ్రిమెంట్‌లోనే రాసి ఉంటుంది. మీ వయసు పిల్లలు ఒక స్పీకర్ కొనడానికి వంద రివ్యూలు చూస్తారు, సంతకం పెట్టే కాగితం మాత్రం చదవరు. అందుకే ఇంత సాగదీసి చెప్తున్నా.

ఇక ఊరికి తీసుకుపోయే సంగతి. అదే సెట్టును 2011 వేసవిలో రెండు సూట్‌కేసుల్లో సర్ది, బట్టలు తగ్గించుకుని మరీ కడపకు మోశాను. పెదనాయన వాళ్లు, చిన్నాయన వాళ్లు అందరూ వచ్చి హాల్లో కూర్చున్నారు. అమ్మ సబ్‌వూఫర్‌ను కొత్త టవలుతో తుడిచింది. నేను పిన్ను మార్చే అడాప్టర్ తగిలించి స్విచ్ వేశాను. గుమ్మని ఒక మోత. పై జాలీలోంచి సన్నగా పొగ, కాలిన వార్నిష్ వాసన. మా నాయన లేచి స్విచ్ ఆపేసి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఎంతయిందిరా అబ్బీ?" అన్నాడు. 900 అని చెప్పడానికి నోరు రాలేదు, 200 అన్నాను. ఆయన ఆ 200నే రూపాయల్లోకి మార్చుకుని బోరు మోటారు ధరతో పోల్చుకుంటున్నట్టు మొహంలోనే తెలిసిపోయింది.

ఇక్కడ కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అడాప్టర్ పిన్ను ఆకారం మారుస్తుందే తప్ప వోల్టేజి తగ్గించదు. ల్యాప్‌టాప్ ఛార్జర్ మీద 100-240 అని రాసి ఉంటుంది చూడు, అట్లాంటివి ఎక్కడైనా పనిచేస్తాయి. ఇక్కడ అమ్మే రిసీవర్లు (టీవీ నుంచి సౌండ్ తీసుకుని స్పీకర్లను మోగించే యాంప్లిఫయర్ పెట్టెలు), సబ్‌వూఫర్ల వెనక చాలావరకు 120 అని మాత్రమే ఉంటుంది. వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడపొచ్చు గానీ, ఇంత లోడుకు తగ్గది బరువు, దానికి మళ్లీ ఖర్చు. అమ్మానాయనలకు కావాలంటే అక్కడే కొనిపించు. వారంటీ అక్కడే ఉంటుంది, కస్టమ్స్ టెన్షన్ ఉండదు. కస్టమ్స్ రూల్స్ మారుతుంటాయి, సైట్‌లో చూసుకో.

ఇప్పుడు నీ 600 డాలర్లు. ముందు ఒక మాట, మొత్తం ఒకేసారి ఖర్చు పెట్టొద్దు. ఇప్పుడు నా హాల్లో ఉన్న 5.1 సెట్టును, అంటే అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్, మూడేళ్లలో ఒక్కొక్కటిగా కొన్నాను. మొత్తం 540 డాలర్లు, ఒక్క సెంటు వడ్డీ లేదు. ఇంటికొచ్చిన వాళ్లు రెండు వేలు పెట్టుంటారని అనుకుంటారు.

డబ్బా సెట్టు జోలికి పోవద్దు. నాది కాలకముందే సగం చచ్చింది. డీవీడీ ప్లేయర్ పాడైతే యాంప్లిఫయర్‌ను విడిగా మార్చే వీల్లేదు, స్పీకర్ల ప్లగ్గులు వేరే రిసీవర్‌కు సరిపోవు. విడిగా కొంటే ఏది పోతే అది మార్చుకుంటావు.

మొదట సెకండ్‌హ్యాండ్ రిసీవర్ కొను. నాకు 120కి దొరికింది. నెలాఖరులో ఇళ్లు ఖాళీ చేసేవాళ్లు అమ్ముతుంటారు, మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కూడా. 4కె లేదని పాతది వదిలేయొద్దు. వీడియో నేరుగా టీవీలోకి పోనీ, టీవీ నుంచి హెచ్‌డీఎంఐ ఆర్క్‌లో (టీవీ వెనక ARC అని రాసి ఉండే హెచ్‌డీఎంఐ సాకెట్) సౌండ్ మాత్రం రిసీవర్‌కు వస్తుంది. ఆర్క్ లేకపోతే ఆప్టికల్ వైరులో కూడా డాల్బీ డిజిటల్ 5.1 వస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియకే చాలామంది మూడొందలు ఎక్కువ పెట్టి కొత్తది కొంటారు. అమ్మే వాళ్ల ఇంట్లోనే ఆన్ చేయించి, వాల్యూమ్ నాబ్ అటూ ఇటూ తిప్పి గరగర వస్తుందేమో విను. వెనక స్పీకర్ వైరు తగిలించే ప్రతి ఛానెల్‌కూ స్పీకర్ మార్చి చూడు.

తర్వాత ముందు వైపుకు రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, అంటే బల్ల మీద పట్టే చిన్నవి. జాలీ తీసి, కోను చుట్టూ ఉన్న ఫోము అంచును వేలితో మెల్లగా తాకి చూడు. పొడిపొడిగా రాలితే వదిలెయ్. రెండు నెలలు ఆగి సెంటర్ స్పీకర్. సినిమాలో మాటలు ఎక్కువగా వచ్చేది అందులోంచే, టీవీ కిందే పెట్టి నీ చెవి వైపు కాస్త వంచు. వైరు 16 గేజ్ చాలు, ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి. వెనక స్పీకర్లు ఆఖరున. నువ్వు కూర్చునే చోటుకు రెండు పక్కలా, కొంచెం వెనకగా పెట్టు.

సబ్‌వూఫర్ మొదటి ఏడాది వద్దు. ఇక్కడి అపార్ట్‌మెంట్లు చెక్క ఫ్రేములు, పలుచని గోడలు, ఆ మోత కింది ఇంటివాళ్ల మంచం దాకా పోతుంది. నామీద రెండుసార్లు కంప్లయింట్ వచ్చింది. రాత్రి ఎన్ని గంటలకు సౌండ్ తగ్గించాలో లీజులో ఉంటుంది. ఆ డబ్బులు దాచిపెట్టు.

ఊళ్లో అమ్మానాయనలకు కొనిపించేటప్పుడు ఇంకొకటి గుర్తుపెట్టుకో. మా ఇంట్లో కింద కడప బండలు, చుట్టూ ఖాళీ సిమెంటు గోడలు. కాలిన సెట్టు తర్వాత మూడేళ్లకు అక్కడే ఇంకోటి కొనిచ్చాను. సౌండ్ గట్టిగా ఉంది, మాటలు మాత్రం ఒకదాని మీద ఒకటి పడి అర్థం కావడం లేదు. నాయనకు చెవుడు వచ్చిందేమో అనుకున్నాం. హాలు మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే టంగుమని మోగింది, తప్పు చెవిది కాదు, గదిదని అప్పుడు అర్థమైంది. మందపాటి జంపఖానా ఒకటి పరిచి, రెండు కిటికీలకు బరువైన కర్టెన్లు వేశాం, 2,500 రూపాయల లోపే. మర్నాడు నాయన రిమోట్ తీసుకుని వాల్యూమ్ తనే తగ్గించాడు. ఖరీదైన స్పీకర్ కొనే ముందు ఆ చప్పట్ల పరీక్ష చేయించు. వోల్టేజి ఎక్కువ తక్కువలుంటే ఒక స్టెబిలైజర్ కూడా పెట్టించు.

షాపు కార్డు ఇంకా తీసుకోలేదనే అనుకుంటున్నా. ఒకవేళ తీసుకునుంటే దిగులుపడొద్దు, బిల్లులో మినిమమ్ అని చూపించే అంకె మాత్రం నమ్మొద్దు, అదొక్కటే కడితే గడువులోగా బాకీ తీరకపోవచ్చు. 600ను 12తో భాగించకుండా 11తో భాగించు, నెలకు 55 డాలర్లు వస్తుంది. జీతం పడిన రోజే పోయేటట్టు ఆటోపే పెట్టుకో, ఆఖరి నెల ఖాళీగా మిగిలి ఉండాలి.