ఇన్నేళ్లుగా అమ్ముకుంటూ పోతే జట్టు నిలబడేది ఎప్పుడు?

పాఠకుల ప్రశ్నలు, ఆటల పేజీ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో బేస్‌బాల్ మీదవే ఎక్కువ. పిల్లలు చికాగోలో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు, అక్కడ ఒక వేసవి గడిపి వచ్చినవాళ్లు రాసినవి. దాదాపు అందరి గోడూ చికాగో జట్టు వైట్ సాక్స్ గురించే కాబట్టి ఈసారి పేజీ మొత్తం ఆ జట్టుకే.

ప్ర: కొడుకు దగ్గరికి వెళ్లినప్పుడు గారెట్ క్రోషే బౌలింగ్ లాంటి ఆ విసురుడు చూసి వైట్ సాక్స్ అభిమానిని అయిపోయాను. నేను ఇంటికి తిరిగొచ్చాక అతణ్ణి బోస్టన్‌కి ఇచ్చేశారు. ఉన్న ఒక్క మంచి ఆటగాణ్ణి పంపేసి 'జట్టును మళ్లీ కడుతున్నాం' అంటారేమిటండీ? తెల్లవారుజామున ఐదింటికి లేచి చూసేది ఇందుకా? (రిటైర్డ్ టీచర్, టెక్కలి)

జ: మాస్టారూ, నేనూ ఆ జట్టు మనిషినే, మీ కడుపుమంట నాకు కొత్త కాదు. అయినా క్రోషేని ఇచ్చేయడం తప్పని నేను అనను. అక్కడ ఒక ఆటగాడు పెద్ద లీగులో ఆరేళ్ల సర్వీసు పూర్తి చేసేదాకా అతని మీద హక్కు జట్టుదే, ఆ తర్వాత అతను ఎవరితోనైనా ఒప్పందం చేసుకోవచ్చు. ఐపీఎల్‌లో లాగా అందరినీ మళ్లీ వేలంలో నిలబెట్టే పద్ధతి లేదు. 2024 డిసెంబర్ నాటికి క్రోషే మీద జట్టుకి ఆ హక్కు ఇంకా రెండు సీజన్లే ఉంది. ఆ ఏడాది మన జట్టు 162 మ్యాచుల్లో 121 ఓడింది, మధ్యలో వరుసగా 21 ఓడింది, 1962లో న్యూయార్క్ మెట్స్ ఓడిన 120ని కూడా దాటేసింది. అలాంటి జట్టు రెండేళ్లలో కప్పు కొట్టే స్థితికి రాదు, ఆ రెండేళ్లు గడిచాక అతను వెళ్లిపోతే చేతికి పెద్దగా ఏమీ మిగలదు.

బదులుగా నలుగురు కుర్రాళ్లు వచ్చారు: క్యాచర్ కైల్ టీల్, ఇన్‌ఫీల్డర్ చేస్ మైడ్రాత్, అవుట్‌ఫీల్డర్ బ్రేడెన్ మాంట్‌గోమరీ, పిచ్చర్ (బంతి విసిరేవాడు) వికెల్మన్ గొంజాలెజ్. టీల్, మైడ్రాత్ 2025లోనే పెద్ద జట్టులోకి వచ్చి ఆడారు, అదీ బాగానే ఆడారు. అటు బోస్టన్‌లో క్రోషే మొదటి ఏడాదే, లీగులో ఉత్తమ పిచ్చర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు ఓట్లలో రెండో స్థానంలో నిలిచాడు. నిలుస్తాడు మరి, అంత బాగా ఆడతాడు కాబట్టే నలుగుర్ని ఇచ్చారు.

నన్ను తొలిచే ప్రశ్న వేరే ఉంది. బోస్టన్ అతనికి ఆరేళ్లకు 17 కోట్ల డాలర్లు రాసిచ్చింది. చికాగో అమెరికాలో మూడో పెద్ద నగరం. ఆ డబ్బు చికాగో ఎందుకు ఇవ్వలేకపోయింది? దీని సంగతి కింద ఇంకో ఉత్తరంలో వస్తుంది.

ప్ర: తిత్లీ తుపానులో మా కొబ్బరి తోట పోయాక కొత్త మొక్కలు వేసి కాపు కోసం ఏళ్లు ఎదురుచూశాం, కాబట్టి ఓపిక పట్టమంటే పడతాను. కానీ 2016లో కూడా వీళ్లు ఇదే మాట చెప్పారని మా అల్లుడు అంటున్నాడు. అప్పుడు నాటినవి ఏమైనట్టు? (కొబ్బరి రైతు, కవిటి)

జ: ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నిటిలోకీ నాకు బాగా నచ్చింది ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

మీ అల్లుడుగారు చెప్పింది నిజం. అప్పటి జనరల్ మేనేజర్ రిక్ హాన్. 2016 డిసెంబర్‌లో క్రిస్ సేల్‌ని బోస్టన్‌కి ఇచ్చి యోవాన్ మొంకాడా, మైకేల్ కోపెక్‌లని తెచ్చాడు, మర్నాడే ఆడమ్ ఈటన్‌ని వాషింగ్టన్‌కి ఇచ్చి లూకస్ జియోలీటోతో పాటు ఇంకో ఇద్దరు పిచ్చర్లను తెచ్చాడు, 2017 జులైలో హోసే కింటానాని అదే ఊళ్లోని కబ్స్‌కి ఇచ్చి ఎలోయ్ హిమెనెస్, డిలన్ సీస్‌లని రాబట్టాడు. క్యూబా కుర్రాడు లూయిస్ రాబర్ట్‌కి 2 కోట్ల 60 లక్షల డాలర్ల బోనస్ ఇచ్చి సంతకం చేయించుకున్నాడు. కాగితం మీద ఇంత మంచి బేరాలు ఏ ఆఫీసూ అంత తక్కువ సమయంలో చేయలేదని అప్పట్లో అందరం చంకలు గుద్దుకున్నాం. 2018లో 100 మ్యాచులు ఓడినా ఎవరూ పెద్దగా గొణగలేదు, ఎందుకంటే రాబోయేది కనిపిస్తోంది. 2020లో ప్లేఆఫ్స్‌కి (సీజన్ చివర కప్పు కోసం జరిగే నాకౌట్ దశకి) వెళ్లారు, 2008 తర్వాత అదే మొదటిసారి. 2021లో 93 గెలిచి తమ డివిజన్ (లీగులోని ఐదు జట్ల గ్రూపు) టైటిల్ కొట్టారు, ప్లేఆఫ్స్‌లో హ్యూస్టన్ చేతిలో ఓడారు.

అంటే మీ భాషలో కాపు వచ్చింది. ఆ కాపు వచ్చిన ఏడాదే తోటని పట్టించుకోవడం మానేశారు. నా ఆరోపణ మొత్తం ఇదే. చవగ్గా దొరికిన మంచి కుర్రాళ్లు ఆరుగురు ఒకేసారి చేతిలో ఉన్నప్పుడు, మిగతా ఖాళీలకి డబ్బు పెట్టి పేరున్నవాళ్లని కొనాలి, ఈ ఆటలో రీబిల్డ్ అనేదానికి అర్థమే అది. 2019 ఫిబ్రవరిలో మానీ మచాడో కోసం పోటీ పడ్డారు, పదేళ్లకు 30 కోట్ల డాలర్లు పెట్టి శాన్ డియేగో ఎగరేసుకుపోయింది. మనవాళ్లు అంతదూరం వెళ్లలేదు. రైట్ ఫీల్డ్‌లో, సెకండ్ బేస్‌లో ఏళ్ల తరబడి అతుకులు వేసుకుంటూ లాగారు. ఈ క్లబ్బు చరిత్రలో అతి పెద్ద ఒప్పందం ఎంతో తెలుసా? 2023 జనవరిలో ఆండ్రూ బెనింటెండికి ఐదేళ్లకు ఇచ్చిన ఏడున్నర కోట్ల డాలర్లు. అది కూడా తలుపు మూసుకుపోయాక.

గాయాలు లేవని కాదు. 2021లో సీజన్ మొదలవకముందే ఎలోయ్‌కి ఛాతీ కండరం తెగింది, మే నెలలో రాబర్ట్‌కి తుంటి దెబ్బతింది, కోపెక్‌కి అంతకుముందే మోచేతి ఆపరేషన్ అయింది. కానీ గాయాలు ప్రతి జట్టుకీ తగులుతాయి, అందుకే వెనక ఇంకో వరస ఉండాలి. వీళ్లకి ఆ రెండో వరస లేదు. 2022లో 81 గెలుపులు, 81 ఓటములు. 2023లో 101 ఓటములు. ఆ ఆగస్టులో రిక్ హాన్‌ని, పైనున్న కెన్ విలియమ్స్‌ని కూడా తీసేశారు. సీస్ 2024లో శాన్ డియేగో వెళ్లి కొన్ని నెలల్లోనే నో-హిటర్ (ఎదుటి జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) వేశాడు. కోపెక్ లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కి వెళ్లి ఆ ఏడాదే వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో ఉన్నాడు. వదిలిపెట్టిన సేల్ 2018లో బోస్టన్‌తో కప్పు ఎత్తాడు, 2024లో అట్లాంటాకి ఆడుతూ సై యంగ్ కొట్టాడు.

ఇంకొకటి చెప్పి ఆపుతాను, ఇది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. రీబిల్డ్ మొదలవడానికి ఆర్నెల్ల ముందు, 2016 జూన్‌లో, గెలిచే ఆశ ఇంకా ఉందనుకుని వయసు మీరిన పిచ్చర్ జేమ్స్ షీల్డ్స్ కోసం ఒక పదిహేడేళ్ల కుర్రాణ్ణి శాన్ డియేగోకి ఇచ్చారు. అతని పేరు ఫెర్నాండో టాటిస్ జూనియర్, తర్వాత పెద్ద స్టార్ అయ్యాడు.

ప్ర: తప్పు జనరల్ మేనేజర్‌దా, ఓనర్‌దా? మా హాస్టల్లో దీని మీద రోజూ గొడవే. (డిగ్రీ విద్యార్థి, విజయనగరం)

జ: తమ్ముడూ, మీ ఊరి చరిత్రలోనే దీనికి ఒక పాఠం ఉంది. విజయనగరం మహారాజకుమార్, అందరూ విజ్జీ అనే ఆయన, క్రికెట్ కోసం సొంత డబ్బు ఎంత ఖర్చు పెట్టాడంటే 1930-31లో జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ లాంటి వాళ్లని ఇండియాకి రప్పించి ఆడించాడు. ఆట మీద ఆయన ప్రేమని శంకించక్కర్లేదు. కానీ 1936లో తానే కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లాడు, మొదటి టెస్టు ఇంకా మొదలవకముందే, ఫామ్‌లో ఉన్న లాలా అమర్‌నాథ్‌ని ఇంటికి పంపించేశారు, సిరీస్ 2-0తో పోయింది. డబ్బు పెట్టినాయన జట్టు నడిపే పనిలో కూడా వేలు పెడితే జరిగేది అదే.

వైట్ సాక్స్ ఓనర్ జెర్రీ రైన్స్‌డార్ఫ్ 1981లో జట్టు కొన్నాడు. 2005లో 88 ఏళ్ల నిరీక్షణ తర్వాత కప్పు వచ్చింది ఆయన హయాంలోనే, దాన్ని కాదనను. కానీ 2020 అక్టోబర్ సంగతి చూడు. కుర్రాళ్ల జట్టు అప్పుడే ప్లేఆఫ్స్ చూసింది, మైదానంలో జట్టుని నడిపే మేనేజర్ రిక్ రెంటెరియాని తీసేశారు, ఇటీవలి కాలంలో పెద్ద మ్యాచులు గెలిచిన అనుభవం ఉన్నవాణ్ణి తెస్తామని హాన్ చెప్పాడు. వచ్చిందెవరు? 2011 తర్వాత ఒక్క జట్టునీ నడపని, 76 ఏళ్ల టోనీ లా రూసా. 1986లో లా రూసాని తీసేయనిచ్చినందుకు రైన్స్‌డార్ఫ్ అప్పటినుంచీ బాధపడుతూ వచ్చాడు. ముప్పై నాలుగేళ్ల నాటి ఆ బాధ తీర్చుకోవడానికి మొత్తం జట్టు భవిష్యత్తుని వాడేశాడు. ఇది నా అభిప్రాయం, గట్టిగానే చెబుతున్నాను.

హాన్‌ని తీసేశాక బయట బాగా నడుస్తున్న ఆఫీసుల నుంచి ఎవరినైనా తెస్తారని ఆశపడ్డాం. కొద్ది రోజుల్లోనే లోపలివాడైన క్రిస్ గెట్జ్‌కి కుర్చీ ఇచ్చేశారు. గెట్జ్ అప్పటిదాకా కుర్రాళ్ల శిక్షణ విభాగం చూసేవాడు, అదే విభాగం చేతిలో మొదటి రీబిల్డ్ వాడిపోయింది. కాబట్టి మీ హాస్టల్ గొడవకి నా తీర్పు: ముప్పావు వంతు ఓనర్‌ది, పావు వంతు హాన్‌ది. 2025లో పెట్టుబడిదారు జస్టిన్ ఇష్బియాతో ఒప్పందం కుదిరింది, 2029 నుంచి జట్టు ఆయన చేతికి వెళ్లే దారి అందులో ఉంది. అప్పటిదాకా పెద్ద చెక్కులు వస్తాయని నేను ఎదురుచూడటం లేదు.

ప్ర: డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్లని జట్లు వరసగా ఎంచుకునేటప్పుడు, ఎక్కువ ఓడినవాళ్లకి ముందు చోటు వస్తుందని కావాలని ఓడిపోతారట కదా, అది మోసం కాదా? (గృహిణి, బొబ్బిలి)

జ: మైదానంలో ఉన్నవాళ్లు ఎవరూ ఓడిపోవాలని ఆడరమ్మా, ఓడిపోయే జట్టుని మైదానంలోకి దింపేది ఆఫీసు. హ్యూస్టన్ 2011 నుంచి 2013 దాకా వరుసగా 106, 107, 111 మ్యాచులు ఓడి, 2017లో కప్పు కొట్టింది (ఆ కప్పు మీద సైగల దొంగతనం మచ్చ కూడా పడింది, అది వేరే కథ). దాన్ని చూసి అందరూ అదే దారి పట్టడంతో డ్రాఫ్ట్‌లో ముందు చోట్లకి 2022లో లాటరీ పెట్టారు. పెద్ద నగరాల జట్లకి వరుసగా రెండేళ్లు లాటరీలో చోటు లేదు, అందుకే 121 ఓడిన వైట్ సాక్స్‌కి 2025 డ్రాఫ్ట్‌లో దక్కింది పదో నంబర్. కావాలని ఓడినా ఫలితం లేదు. ఈ నిబంధన నాకు ఇష్టం.

ప్ర: ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి వచ్చిందంటే అక్కడ జిమ్ము ఉంది, గురువు ఉన్నారు కాబట్టి. మరి గెట్జ్ దగ్గర అలాంటిది ఏమైనా ఉందా, లేక కుర్రాళ్లని పోగేయడమేనా? (వ్యాయామ ఉపాధ్యాయుడు, ఆమదాలవలస)

జ: మాస్టారూ, ఇన్నాళ్లకి నాకు కాస్త ఆశ కలిగింది ఈ విషయంలోనే. 2021 డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో తీసుకున్న కోల్సన్ మాంట్‌గోమరీ 2025 ఏప్రిల్‌లో మైనర్ లీగులో బంతి తగల్చలేక ఇబ్బంది పడుతున్నాడు. పాత ఆఫీసైతే అక్కడే వదిలేసి, పోతే పోయాడనుకునేదని నా నమ్మకం. ఈసారి మ్యాచులు ఆపించి అరిజోనాలోని శిక్షణ కేంద్రానికి పంపారు, బ్యాటింగ్ విభాగం చూసే రయన్ ఫుల్లర్ దగ్గరుండి అతని స్వింగ్ సరిచేశాడు. జులై 4న పెద్ద జట్టులో దిగాడు. మిగిలిన సీజన్‌లో 71 మ్యాచుల్లో 21 హోమ్ రన్లు. మిల్వాకీ వదిలేసిన పిచ్చర్ షేన్ స్మిత్‌ని రూల్ 5 డ్రాఫ్ట్‌లో (వేరే జట్లు తమ ముఖ్య జాబితాలో పెట్టుకోని ఆటగాళ్లని తీసుకునే పద్ధతి) కారుచౌకగా తెచ్చుకుంటే అతను ఆ ఏడాదే ఆల్ స్టార్ అయ్యాడు. ఇవి రెండూ అదృష్టం కాదు, ఎవరో కూర్చుని వీడియోలు చూసి, పని చేసి సాధించినవి. అయినా 2025లో కూడా 102 ఓడారు, కాబట్టి గెట్జ్‌కి ఇప్పుడే దండ వేయను.

ప్ర: మన డివిజన్‌లో మిగతా జట్లు ఏం చేస్తున్నాయి? మనం చూసి నేర్చుకోవాల్సినది ఏదైనా ఉందా? (బ్యాంకు ఉద్యోగి, రాజాం)

జ: కాన్సస్ సిటీని చూడండి. చికాగో కంటే చాలా చిన్న ఊరు, 2023లో 106 ఓడింది. ఆ చలికాలమే బాబీ విట్ జూనియర్‌కి పదకొండేళ్లకు దాదాపు 29 కోట్ల డాలర్ల ఒప్పందం రాసింది, సెత్ లూగో, మైకేల్ వాకా అనే ఇద్దరు అనుభవజ్ఞులైన పిచ్చర్లని కొంది. 2024లో 86 గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. క్లీవ్‌లాండ్ అయితే ఎప్పుడూ తక్కువ జీతాలతోనే నడుస్తుంది, అయినా హోసే రమీరెజ్‌ని వదులుకోకుండా దీర్ఘకాల ఒప్పందం చేసుకుంది, 2022లో, 2024లో, 2025లో డివిజన్ గెలిచింది. డబ్బు లేదనే మాట వాళ్లు చెబితే నమ్మొచ్చు, చికాగో చెబితే నమ్మలేం.

ప్ర: మావాడు కబ్స్‌కి మారిపోమంటున్నాడు. మారిపోనా? (ఓ తల్లి, శ్రీకాకుళం)

జ: వద్దు తల్లీ, ఇప్పుడు అసలు వద్దు. కోల్సన్ మాంట్‌గోమరీకో టీల్‌కో ఆరేళ్లు నిండకముందే పెద్ద ఒప్పందం ఇస్తారా లేదా అన్నది చూడండి. ఇస్తే ఈసారి ఆఫీసు నిజంగానే కడుతోందని అర్థం. ఇవ్వకుండా మళ్లీ ట్రేడ్ (ఆటగాళ్ల మార్పిడి) గడువుకి వాళ్ల పేర్లు వినిపిస్తే, నాకు ఇంకో ఉత్తరం రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం. అక్కడ సాయంత్రం 6:40కి మొదలయ్యే మ్యాచ్ మనకి తెల్లారి 5:10కి వస్తుంది. షేన్ స్మిత్ విసిరే రోజు చూసుకుని లేవండి.