పాఠకుల ప్రశ్నలు: గ్రంథాలయంలోని కంప్యూటర్‌తో న్యాయ సహాయం దాకా

ప్రశ్న: మా నాన్నగారు రెండేళ్ల క్రితం వీలునామా రాయకుండానే కాలం చేశారు. ఆయన పేరిట మూడున్నర ఎకరాల మాగాణి ఉంది. కొంత తాతల నాటిది, కొంత ఆయన కొన్నది. నా పెళ్లి 1998లో జరిగింది. పసుపు కుంకుమల కింద ఇవ్వవలసింది అప్పుడే ఇచ్చామని, ఇక నాకు వాటా లేదని చెబుతూ, మా అన్నదమ్ములు హక్కు విడుదల పత్రంపై సంతకం అడుగుతున్నారు. వకీలు ఫీజు ఇచ్చుకునే స్తోమత నాకు లేదు. మా అబ్బాయి చదువుకోవడానికి వెళ్లే శాఖా గ్రంథాలయంలో ఇంటర్నెట్ ఉంది. అక్కడ నాకు పనికివచ్చేది ఏమైనా దొరుకుతుందా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: తప్పకుండా దొరుకుతుంది. అయితే న్యాయవాదితో మాట్లాడేదాకా ఆ పత్రంపై సంతకం గానీ వేలిముద్ర గానీ వేయకండి. ఒకసారి రిజిస్టరైన పత్రాన్ని రద్దు చేయించుకోవడం చాలా కష్టం.

గ్రంథాలయంలో అడగడానికి సంకోచపడవద్దు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు మనమంతా కడుతున్నాం కనుక, ఆ కుర్చీలో కూర్చునే హక్కు పోటీ పరీక్షల పిల్లలకు ఎంత ఉందో మీకూ అంతే ఉంది. గ్రంథపాలకులు చట్టం ఎక్కడుందో చూపించగలరే తప్ప మీ వాటా ఎంతో తేల్చి చెప్పలేరు. ఆ పని న్యాయవాదిది.

కేంద్ర ప్రభుత్వపు 'ఇండియా కోడ్' వెబ్‌సైట్‌లో హిందూ వారసత్వ చట్టం, 1956 ఉచితంగా చదవవచ్చు. పాఠం ఇంగ్లీషులో ఉంటుంది, అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకోండి. మీకు కావలసినవి ముఖ్యంగా 6, 8 సెక్షన్లు. నాన్నగారి స్వార్జితం వీలునామా లేనప్పుడు భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, ఆయన తల్లి జీవించి ఉంటే ఆమెకు కూడా, సమానంగా చెందుతుంది. పిత్రార్జితంలో, అంటే తాతల నాటి ఆస్తిలో, కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉందని 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన సవరణ చెబుతోంది. తండ్రి ఆ తేదీకి జీవించి ఉన్నారా లేదా అన్నదానితో నిమిత్తం లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో స్పష్టం చేసింది. ఆ తీర్పును సుప్రీంకోర్టు వారి ఈ-ఎస్.సి.ఆర్. పోర్టల్‌లో చూడవచ్చు. అసలు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఈ హక్కు ఆ రోజు నుంచే ఉంది. పెళ్లిలో ఇచ్చిన పసుపు కుంకుమలు ఈ హక్కును తుడిచివేయవు. అయితే 2004 డిసెంబరు 20కి ముందే చట్టప్రకారం పంపకాలు జరిగిపోయి ఉంటే ఆ భూమి సంగతి వేరు కనుక, మీ ఇంట్లో అలాంటి పంపకం ఏదైనా జరిగిందేమో అమ్మగారిని అడిగి తెలుసుకోండి.

తరువాత రాష్ట్ర ప్రభుత్వపు భూరికార్డుల వెబ్‌సైట్ 'మీభూమి'లో నాన్నగారి పేరిట ఉన్న 1-బి (భూమి హక్కుదారు వివరాలు), అడంగల్ (సాగు వివరాలు) చూసి, ఖాతా నంబరు, సర్వే నంబర్లు కాగితంపై రాసుకోండి. న్యాయవాది మొదట అడిగేవి అవే. నలుగురూ వాడే కంప్యూటర్ కాబట్టి ఆధార్ ప్రతి, డౌన్‌లోడ్ చేసిన కాగితాలు అందులో మిగలకుండా తొలగించి, తెరిచిన ఖాతా నుంచి లాగౌట్ అయ్యాకే లేవండి. లీగల్ నోటీసు పంపిస్తామంటూ ముందే డబ్బు అడిగే వెబ్‌సైట్ల జోలికి పోకండి.

ఇక వకీలు ఫీజు సంగతి. న్యాయసేవాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత ఉంది. ఈ ఒక్క మాట ఎంతోమంది ఆడవాళ్లకు తెలియకపోవడం నన్ను చాలా బాధిస్తుంది. జాతీయ న్యాయసేవాధికార సంస్థ వెబ్‌సైట్‌లో ఆ గ్రంథాలయం నుంచే దరఖాస్తు పెట్టవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు. నేరుగా వెళ్లదలిస్తే నెల్లూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం ఉంది. దరఖాస్తు మంజూరైతే న్యాయవాదిని వారే నియమిస్తారు. కోర్టు ఫీజు భారం కూడా మీపై పడదు. కేసు వేయకముందే మీ అన్నదమ్ములను పిలిపించి లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నించమని అడగవచ్చు. అక్కడి అవార్డుపై, అంటే రాజీ తీర్పుపై, అప్పీలు ఉండదు కనుక, ప్రతి షరతునూ తెలుగులో చదివించుకుని, అర్థమయ్యాకే ఒప్పుకోండి.

ప్రశ్న: మా స్థలం కేసు వాయిదా ఎప్పుడో తెలుసుకోవడానికి ప్రతిసారీ పనిమానుకుని ఒంగోలు వెళ్లవలసి వస్తోంది. వేరే దారి ఉందా?
– ఒక పాఠకుడు, కొండపి

జవాబు: ఉంది. 'ఈ-కోర్ట్స్' వెబ్‌సైట్‌లో గానీ మొబైల్ యాప్‌లో గానీ మీ కేసుకు ఇచ్చిన 16 అక్షరాలు, అంకెల సి.ఎన్.ఆర్. నంబరు కొడితే తరువాతి వాయిదా తేదీ, ఇప్పటివరకు జరిగిన వాయిదాల వివరాలు కనిపిస్తాయి. ఆ నంబరు మీ న్యాయవాదిని అడిగి రాసి ఉంచుకోండి; అది దొరకకపోతే కేసు నంబరు, సంవత్సరంతోనూ వెతకవచ్చు. వాయిదాకు మీరు హాజరు కావాలా వద్దా అన్నది మాత్రం న్యాయవాదినే అడగండి.