డాక్టర్ సలహా: రోడ్డుమీద చచ్చిన ఉడుము నడుంనొప్పికి మందా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. కాలువగట్టు రోడ్డుమీద లారీ కింద పడి చచ్చిన ఉడుమును మావాళ్లు తెచ్చి కోశారు. నడుంనొప్పి పోతుందని నిన్న రాత్రి నాన్నగారికి (62) కూర వండిపెట్టారు. మిగిలిన మాంసం ఫ్రిజ్‌లో ఉంది. తినొచ్చా? చట్టరీత్యా తప్పా?

జవాబు: తినకండి. కుక్కకీ పెట్టకండి. ఉడుంపట్టు గట్టిదని, ఆ మాంసం తింటే నడుము గట్టిపడుతుందని మనవైపు నమ్ముతారు. నొప్పి తగ్గించే గుణమేదీ అందులో లేదు. మీ నాన్నగారికి నొప్పి కాల్లోకి లాగుతుంటే ఎముకల డాక్టరుకి చూపించండి. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

నాకు అన్నిటికంటే భయం ఎలుకల మందు గురించే. వరిచేలో బ్రోమడయోలోన్ ఎర తిన్న ఎలుకను ఉడుము మింగితే ఆ విషం దాని కాలేయంలో పేరుకుంటుంది. ఎంత ఉడికించినా పోదు. కూరలో కాలేయం వేశారా? తప్పకుండా కనుక్కోండి. ఈ విషం తిన్న వెంటనే బయటపడదు. రెండుమూడు రోజులకు రక్తం గడ్డకట్టే గుణం తగ్గి చిగుళ్లు, ముక్కునుంచి రక్తం కారడం, నల్లటి విరేచనం మొదలవుతాయి. అందుకే తిన్న 48 నుంచి 72 గంటల మధ్య పీటీ ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే) పరీక్ష చేయించండి. తేడా ఉంటే విటమిన్ కె1 విరుగుడు ఉంది. వార్ఫరిన్‌లాంటి రక్తం పల్చబరిచే మాత్రలు వాడుతుంటే మాత్రం ఇవాళే వెళ్లండి. ఏం తిన్నారో డాక్టరుకి దాచకుండా చెప్పండి.

బండి తొక్కినప్పుడు పేగులు చితికి సాల్మొనెల్లా అనే సూక్ష్మక్రిమి మాంసమంతా అంటుకుంటుంది. బాగా ఉడికిస్తే అది చస్తుంది గాని, కత్తిపీటనుంచి పచ్చికూరలకి పాకుతుంది. పైగా ఎండలో గంటలకొద్దీ పడివున్న మాంసంలో పుట్టే కొన్ని విషాలు మరిగించినా పోవు. తిన్న ఆరు రోజుల్లోపు ఎప్పుడైనా జ్వరం, విరేచనాలు మొదలవొచ్చు. వస్తే లీటరు నీటికి ఒక పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి తాగించండి. విరేచనంలో రక్తం పడితే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. కత్తిపీట, గిన్నెలు, ఫ్రిజ్ అర సబ్బుతో కడిగి, నాలుగు లీటర్ల నీటిలో పెద్ద చెంచాడు బ్లీచ్ ద్రావణం కలిపి పది నిమిషాలు తడిగా ఉంచండి.

ఇక చట్టం. ఉడుము వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్లోది (అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితా). మీరు చంపకపోయినా, చచ్చి దొరికిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తే (సెక్షన్ 39). చేతికి వచ్చిన 48 గంటల్లో పోలీస్ స్టేషన్‌కో, అటవీ అధికారికో తెలిపి అప్పగించాలి. అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడం, పారేయడం కూడా నేరమే. మొదటి షెడ్యూల్ జంతువు మాంసం విషయంలో మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల జరిమానా ఉన్నాయి. గడువు ఇంకా దాటలేదు కాబట్టి ఫ్రిజ్‌లోది, తోలు, గోళ్లతో సహా మూటగట్టి, వకీలుతో మాట్లాడి ఇవాళే అప్పగించండి.