జీతం రాని క్లినిక్‌కి ఎదురు ఫీజు కట్టాలా?

ప్రశ్న: బీటెక్ తర్వాత కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు అమెరికాలో జేడీ (అక్కడి లా డిగ్రీ) మొదటి సంవత్సరం ముగిస్తున్నాను. వచ్చే ఏడాది మా లా స్కూల్లోని టెక్నాలజీ లా క్లినిక్‌లో, అంటే విద్యార్థులు నిజమైన క్లయింట్లకి న్యాయసాయం చేసే కోర్సులో, చేరాలని ఉంది. అది టైమంతా తినేస్తుంది, లా రివ్యూకే (విద్యార్థులు నడిపే న్యాయ పత్రికకే) వెళ్లమని సీనియర్లు చెబుతున్నారు. నాన్నగారేమో జీతం రాని పనికి మనమే ఎదురు ఫీజు కట్టడమేమిటని అడుగుతున్నారు. కోడింగ్ వచ్చు కాబట్టి క్లినిక్‌లో తేలిగ్గా నెగ్గుకొస్తాననే నా ధైర్యం. ఏం చేయమంటారు?

జవాబు: తప్పకుండా చేరండి. అయితే కోడింగ్ వచ్చన్న ధైర్యంతో మాత్రం చేరకండి. క్లినిక్‌లో కోడ్ అవసరం పడేది తక్కువ. అక్కడ మీరు కొత్తగా నేర్చుకోవాల్సింది క్లయింట్‌ని.

టెక్నాలజీ లా క్లినిక్‌లో క్లయింట్లు నిజమైనవాళ్లు. డబ్బిచ్చి లాయరును పెట్టుకోలేని కళాకారులు, విలేకరులు, స్వచ్ఛంద సంస్థలు, సెక్యూరిటీ పరిశోధకులు, చిన్న స్టార్టప్‌ల వాళ్లు వస్తారు. పని విద్యార్థులు చేస్తారు, పర్యవేక్షించే లాయరు బాధ్యత వహిస్తారు. హార్వర్డ్‌లో 1999లో మొదలైన సైబర్‌లా క్లినిక్ ఈ తరహాలో మొదటిది. బర్కిలీ, స్టాన్‌ఫర్డ్, కొలరాడోల్లోనూ పేరున్న క్లినిక్‌లున్నాయి.

పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చెబుతాను. డాక్యుమెంటరీలు తీసే ఒకావిడ వచ్చారనుకోండి. తన వీడియోలో పాత టీవీ వార్తల క్లిప్ కొద్ది సెకన్లు వాడారు. ఛానెల్ ఫిర్యాదు చేయడంతో ప్లాట్‌ఫాం ఆ వీడియోని తీసేసింది. మీరు ఫెయిర్ యూజ్‌కి (అనుమతి లేకుండానే కాపీరైట్ ఉన్నదాన్ని న్యాయంగా వాడుకోవడానికి) చట్టం చెప్పిన నాలుగు అంశాలూ చూసి, ఆవిడ పక్షమే బలంగా ఉందని తేల్చుకున్నారు. ఇంజినీరు బుర్ర అయితే వీడియోని తిరిగి పెట్టమని ప్లాట్‌ఫాంకి వెంటనే కౌంటర్ నోటీసు పంపేద్దాం అంటుంది. అది అందాక ఫిర్యాదుదారు దావా వేయకపోతే, ప్లాట్‌ఫాం 10 నుంచి 14 పనిదినాల మధ్య వీడియోని తిరిగి పెట్టాలి. అక్కడితో పని అయిపోయినట్టే అనిపిస్తుంది.

అసలు పని అక్కడే మొదలవుతుంది. ఆ నోటీసులో ఆవిడ తన పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఇవ్వాలి. అవి నేరుగా ఛానెల్ చేతికి చేరతాయి. వీడియోని పొరపాటున తీసేశారని నమ్ముతున్నట్టు ప్రమాణపూర్వకంగా చెప్పాలి, ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకోవాలి. ఛానెల్ దావా వేసి గెలిస్తే, సకాలంలో కాపీరైట్ రిజిస్టర్ చేయించుకుని ఉంటే, ఒక్కో కృతికి చట్టం నిర్ణయించిన నష్టపరిహారం మామూలుగా 750 నుంచి 30,000 డాలర్ల దాకా, కావాలనే చేశారని తేలితే 1,50,000 దాకా వెళ్లొచ్చు. గెలుపు అవకాశం ఎంత బాగున్నా, ఆవిడ ఇంటిమీద అప్పు ఉందా, ఆ వీడియో ఈ నెలలోనే ఏదైనా చలనచిత్రోత్సవానికి వెళ్లాలా, క్లిప్ తీసేసి మళ్లీ ఎడిట్ చేసుకుంటే సరిపోతుందా అన్నవి మీరు అడిగితేనే బయటికొస్తాయి. ఇవన్నీ ఆవిడకి అర్థమయ్యే మాటల్లో చెప్పి, నిర్ణయం ఆవిడకే వదలాలి. క్రిమినల్ లా క్లాసులో గానీ, కాపీరైట్ క్లాసులో గానీ ఈ సంభాషణ నేర్పరు. ఉద్యోగంలో చేరాక మొదటి వారంలోనే ఇది మీకు ఎదురవుతుంది.

మీ ఇంజినీరింగ్ బాగా అక్కరకొచ్చే చోటు ఒకటుంది. 1998 నాటి డీఎంసీఏ (డిజిటల్ మిలీనియం కాపీరైట్ యాక్ట్) చట్టంలోని 1201 సెక్షన్ డిజిటల్ తాళాలు పగలగొట్టడాన్ని నిషేధిస్తుంది. ఏ పనులకు మినహాయింపు ఇవ్వాలో మూడేళ్లకోసారి కాపీరైట్ ఆఫీసు విచారించి సిఫారసు చేస్తే, లైబ్రేరియన్ ఆఫ్ కాంగ్రెస్ (ఆ ఆఫీసు ఉన్న జాతీయ గ్రంథాలయానికి అధిపతి) నిర్ణయిస్తారు. గుండెలో అమర్చిన పరికరాలు పంపే తమ సొంత డేటాని రోగులు చూసుకునే హక్కు కోసం హార్వర్డ్ క్లినిక్ పోరాడింది. 2015లో ఆ మినహాయింపు వచ్చింది. 2018 విచారణలో సెక్యూరిటీ పరిశోధకుల తరఫున కొలరాడో క్లినిక్ పనిచేసింది. ఒక మనిషి ఒంట్లో ఉన్న యంత్రం ఆ మనిషి గురించి చెప్పే సమాచారం ఆ మనిషికే అందకుండా చట్టం అడ్డుపడుతోందంటే, దాన్ని మార్చే పనిలో విద్యార్థుల చేయి ఉండటం నాకు చాలా పెద్ద విషయంగా తోస్తుంది. ఇక్కడ పరికరం ఎలా పనిచేస్తుందో సాంకేతిక పదాలు లేకుండా రెండు పేజీల్లో చెప్పగలిగినవాళ్లు కావాలి. ఇంజినీర్లు రాసిన మొదటి డ్రాఫ్టులు దాదాపు ఎప్పుడూ మరీ పొడుగ్గా ఉంటాయి, కొట్టివేతలకు సిద్ధపడండి. మూడేళ్ల చక్రం కాబట్టి, మీరు మొదలుపెట్టిన పని తర్వాతి బ్యాచ్ ముగించవచ్చు. వాళ్లకి అర్థమయ్యేలా ఫైలు అప్పగించడం కూడా ఈ వృత్తిలో భాగమే.

లా రివ్యూ సంగతికొస్తే, జడ్జి దగ్గర క్లర్క్‌షిప్ గానీ, తర్వాత టీచింగ్ గానీ మీ లక్ష్యమైతే సీనియర్ల మాటలో బలం ఉంది. ప్రైవసీ, ప్రోడక్ట్ కౌన్సెల్ (కంపెనీ ఉత్పత్తులపై న్యాయసలహా ఇచ్చే) ఉద్యోగాలైతే నా ఓటు క్లినిక్‌కే. క్లినిక్‌కి వారానికి పది పదిహేను గంటలు పోవడం మామూలే, కాబట్టి రెండూ ఒకే సెమిస్టర్‌లో పెట్టుకోకండి. పేటెంట్ల మీద ఆసక్తి ఉంటే మీ స్కూలు యూఎస్‌పీటీఓ (అమెరికా పేటెంట్, ట్రేడ్‌మార్క్ కార్యాలయం) లా స్కూల్ క్లినిక్ కార్యక్రమంలో ఉందేమో కూడా చూడండి. అందులో విద్యార్థులు పర్యవేక్షణలో ఆ కార్యాలయం ముందు నేరుగా దరఖాస్తులు నడపొచ్చు.

నాన్నగారికి ఇలా చెప్పండి. అమెరికన్ బార్ అసోసియేషన్ నిబంధన ప్రకారం ప్రతి జేడీ విద్యార్థీ కనీసం ఆరు క్రెడిట్ల అనుభవపూర్వక కోర్సులు చేసి తీరాలి. ఆ క్రెడిట్లకి ఫీజు ఎలాగూ కడుతున్నారు. అదే డబ్బుకి నిజమైన క్లయింట్ దొరికే కోర్సు ఎంచుకోవడమే తెలివైన పని.

ఎఫ్-1 వీసా మీద ఉంటే, క్లినిక్ పనిలో బయటి సంస్థలో కూర్చునే భాగం ఏమైనా ఉందేమో చూసి, చేరకముందే ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుని అడగండి. జేడీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) డిగ్రీ కాదు. చదువయ్యాక ఓపీటీ, అంటే ఆ వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి, పన్నెండు నెలలే ఉంటుంది. అందుకే ఈ అనుభవాన్ని మూడో ఏడాదికి వాయిదా వేయొద్దంటున్నాను.

క్లయింట్ విషయాలు గోప్యం. ఇంటర్వ్యూలో పేర్లు చెప్పకూడదు, మెమోని రైటింగ్ శాంపిల్‌గా పంపాలంటే సూపర్‌వైజర్ అనుమతి తీసుకోవాలి. అందుకే సెమిస్టర్‌లో కనీసం ఒకటి బహిరంగమయ్యే పని అడిగి తీసుకోండి. కేసులో కక్షిదారులు కానివాళ్లు కోర్టుకి సమర్పించే అమికస్ బ్రీఫ్ గానీ, ప్రభుత్వ సంస్థకి పంపే కామెంట్లు గానీ అయితే వాటి గురించి ధైర్యంగా మాట్లాడొచ్చు.

దరఖాస్తులో మీకొచ్చిన ప్రోగ్రామింగ్ భాషల జాబితా ఒక్క లైనుకి మించొద్దు. మిగతా చోటంతా, సాఫ్ట్‌వేర్ తెలియని మనిషికి ఏదో ఒక చిక్కుని మీరు విప్పి చెప్పి, అతను తానే నిర్ణయం తీసుకునేలా చేసిన సందర్భానికి ఇవ్వండి. పంపే ముందు గత సెమిస్టర్‌లో చేసిన ఇద్దరు ముగ్గుర్ని కలిసి, క్లయింట్‌తో వాళ్లే మాట్లాడారా లేక సూపర్‌వైజరే మాట్లాడారా అని అడగండి. విద్యార్థుల్ని మాట్లాడనివ్వని క్లినిక్ అయితే, దాని పేరు ఎంత పెద్దదైనా మరోసారి ఆలోచించుకోండి.