నల్ల కారు మీద బోరునీళ్ల మరకలు: వినెగర్ ఎంతవరకు పనిచేస్తుంది

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురాలో బోరునీళ్లతో కడిగే నల్ల కారు, బానెట్ మీదా అద్దాల మీదా తెల్ల మచ్చలు, వినెగర్‌తో పోతాయా అని అడిగారు కదా అన్నా. కొన్ని పోతాయి, కొన్ని పోవు. ముందు వేలికొసతో తడిమి చూడండి. గరుకుగా తగిలితే పైన పేరుకున్న సున్నం. నున్నగా ఉండి, ఏటవాలు వెలుతురులో ఉంగరం లాంటి గుంట కనిపిస్తే రంగు మీదుండే పారదర్శక పూత, అంటే క్లియర్‌కోట్‌ని తినేసినట్టే. అక్కడ ఎన్ని సీసాల వినెగర్ పోసినా దండగే.

రాజురా, గడ్‌చందూర్, కోర్పనా వైపు నేల కిందంతా సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడికి వచ్చిందే దానికోసం. అలాంటి బోరునీళ్లు మే ఎండకి కాలిన బానెట్ మీద పడితే చూస్తుండగానే ఆరిపోతాయి, కాల్షియం మాత్రం చుక్క అంచున గట్టిపడి మిగులుతుంది. పన్నెండింటికి పైపు పట్టుకుని కారు కడిగేవాళ్లు మరకలకి నీళ్లని తిట్టడం నాకు అర్థం కాదు.

పని నీడలోనే, రేకు చల్లబడ్డాకే. ముందు షాంపూతో కడిగి బొగ్గు దుమ్ము వదిలించండి. అది ఉండగా రుద్దితే మరకతో పాటు గీతలు కూడా మిగులుతాయి. తర్వాత తెల్ల వినెగర్ ఒక పాలు, బ్యాటరీ నీళ్లు (డిస్టిల్డ్ వాటర్, బ్యాటరీ యాసిడ్ కాదు) ఒక పాలు. వినెగర్ లేకపోతే లీటరు బ్యాటరీ నీళ్లలో 20 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలపండి. ఒక మూల పరీక్షించి, మైక్రోఫైబర్ గుడ్డ తడిపి మచ్చ మీద ఒకటి రెండు నిమిషాలు పరవండి, ఆరనివ్వొద్దు. మెల్లగా తుడిచి, బాగా కడిగి, మళ్లీ షాంపూ. లొంగకపోతే ఇంకోసారి చేయండి, అంతేగాని గట్టిగా రుద్దొద్దు. ఆ నీళ్లు పోర్టికోలోని షాబాదు బండల మీద కారనివ్వకండి, అదీ సున్నపురాయే, మెరుపు పోతుంది.

గుంటపడ్డ మచ్చలకి సన్న పాలిష్, ఫోమ్ ప్యాడ్, డ్యూయల్ యాక్షన్ మెషిన్ (ప్యాడ్‌ని తిప్పుతూనే అటూ ఇటూ కదిపే పాలిష్ మెషిన్) కావాలి. క్లియర్‌కోట్ మందం 40, 50 మైక్రాన్లే, పాలిష్ పెట్టిన ప్రతిసారీ అందులో కొంత అరుగుతుంది. అందుకే లోతైన ఉంగరం పూర్తిగా పోవాలని పట్టుబట్టకండి, మసకబడితే వదిలేయడమే తెలివి.

అద్దం కాస్త మొండిది. అదే ద్రావణంలో టిష్యూ తడిపి అంటించి, మీద పాలిథిన్ కప్పి ఐదు నిమిషాలు ఉంచండి. మిగిలినదాన్ని సబ్బునీళ్లతో తడిపిన 0000 నంబర్ (అతి సన్న రకం) స్టీల్ ఊల్‌తో తీయండి. ఇది అద్దం వరకే, పెయింటుకి తగలనివ్వొద్దు. అదీ కుదరకపోతే అద్దాల పాలిష్‌కి వాడే సీరియం ఆక్సైడ్ పొడిని నీళ్లతో చిక్కటి పాలలా కలిపి ఫెల్ట్ ప్యాడ్‌తో తిప్పాలి. ప్యాడ్ ఆరితే అద్దం వేడెక్కి పగలొచ్చు, ఒకేచోట ఎక్కువసేపు తిప్పితే చూపు వంకర్లు పోతుంది. డ్రైవరు ఎదురుగా ఉన్న భాగంలో మరీ జాగ్రత్త.

బాత్రూం యాసిడ్ వాడమని సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి. క్రోమ్, అల్యూమినియం పాడవుతాయి. వాషింగ్ సెంటర్లో పేరు లేని సీసాలోంచి ఏదో కొడితే ఏమిటని అడగండి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉన్న రకాలు అద్దాన్నే తింటాయి, చర్మానికి ఇంకా ప్రమాదం. ఇంకో పొదుపు పిచ్చి, ఆర్‌ఓ నుంచి వదిలేసే నీళ్లతో కారు కడగడం. ఫిల్టర్ వదిలించుకున్న ఉప్పంతా అందులోనే ఉంటుంది.

చివరి కడుగుడుకి ఏసీ పైపు నుంచి కారే నీళ్లు శుభ్రమైన బకెట్‌లో పట్టి వాడండి, వాటిలో ఖనిజాలు దాదాపు ఉండవు. బోరునీళ్లే గతి అయితే పైకప్పు, బానెట్, డోర్లు ఒక్కొక్కటిగా కడిగి, వెంటనే ఆరిన గుడ్డతో తుడిచాకే తర్వాతిదానికి వెళ్లండి. ఆపైన వ్యాక్స్ పూస్తే మళ్లీ పడ్డ సున్నం త్వరగా అంటుకోదు.