తప్పు చోట తెగే డీఎన్‌ఏ: అక్కడే మీకు పని ఉంది

ప్రశ్న: మాది హన్మకొండ. బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. జీన్ ఎడిటింగ్ ఎంజైమ్ ఒక్కోసారి అవసరం లేని చోట కూడా డీఎన్‌ఏను కోస్తుందని క్లాసులో చెప్పారు. ఎందుకలా? ఇలాంటి లోపమున్న రంగాన్ని నమ్ముకోవచ్చా? నాన్న బీఈడీ చేయమంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: మొదటి ప్రశ్న బాగా అర్థమైతే రెండోదానికి జవాబు అందులోనే దొరుకుతుంది.

ఎక్కువగా వాడే ఎంజైమ్ క్యాస్9. దానికి దారి చూపేది గైడ్ ఆర్‌ఎన్‌ఏలోని 20 అక్షరాలు (బేస్‌లు). మనిషి జీనోమ్‌లో, అంటే మొత్తం జన్యు సమాచారంలో, అక్షరాలు దాదాపు 300 కోట్లు. అందులో ఆ 20కి దగ్గరి పోలికున్న చోట్లు ఇంకొన్ని ఉండటం మామూలే. క్యాస్9 ముందు పామ్ అనే చిన్న గుర్తును వెతుకుతుంది. అది దొరికాక పక్కనున్న డీఎన్‌ఏ పోగులను విడదీసి, ఆ వైపు నుంచే గైడ్‌తో జత కలుపుతూ పోతుంది. పామ్ పక్కనున్న 10-12 అక్షరాలు కుదిరాయంటే, అవతలి కొసలో రెండు మూడు కుదరకపోయినా చాలాసార్లు కోసేస్తుంది. ఈ ఎంజైమ్ బ్యాక్టీరియాది, వైరస్‌లను నరకడం దాని పని. వైరస్ అక్షరాలు మారుతూనే ఉంటాయి కాబట్టి కాస్త తేడా ఉన్నా కోయడమే బ్యాక్టీరియాకు మేలు. మన కణంలో అదే ప్రమాదం. ఎంజైమ్ మోతాదు పెరిగినా, అది కణంలో ఎక్కువకాలం నిలిచినా తప్పు కోతలు పెరుగుతాయి.

అందుకే కచ్చితత్వం పెంచిన క్యాస్9లు వచ్చాయి. తప్పు కోతలను జీనోమ్ అంతటా గాలించే గైడ్-సీక్ లాంటి పద్ధతులు వచ్చాయి. 2023లో బ్రిటన్, అమెరికా సికిల్ సెల్ అనే రక్త జబ్బుకు క్రిస్పర్ (క్యాస్9తో చేసే ఈ జీన్ ఎడిటింగ్) చికిత్సను అనుమతించాయి. మన ఆదిలాబాద్ గిరిజన కుటుంబాలను పీడించే జబ్బే అది. రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ (ఐఐఆర్‌ఆర్) శాస్త్రవేత్తలు సాంబ మసూరిని ఎడిట్ చేసి తెచ్చిన 'కమల' వరిని 2025లో ప్రకటించారు. ఇలాంటి ప్రతి పనిలోనూ తప్పు కోతలు పడ్డాయో లేదో చూసేవాళ్లు కావాలి. ల్యాబ్ పని, కంప్యూటర్ పని రెండూ వచ్చినవాళ్లే దీనికి పనికొస్తారు. మన డిగ్రీ కాలేజీల్లో రెండోది దాదాపు నేర్పరు, నాకు బాధ కలిగించే విషయమిది.

కాబట్టి పైథాన్ ప్రోగ్రామింగ్, స్టాటిస్టిక్స్ ఇప్పుడే మొదలుపెట్టండి. క్రిస్పార్ అనే ఉచిత ఆన్‌లైన్ టూల్‌లో ఏదైనా జన్యువు అక్షరాలు పెట్టి చూడండి. ఒక్కో గైడ్ ఇంకెక్కడెక్కడ కోయవచ్చో జాబితా ఇస్తుంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు అదే మంచి అంశం, ఖర్చు కూడా ఉండదు.

బీఎస్సీతోనే ఈ పని దొరకడం కష్టం. ఎమ్మెస్సీ తప్పనిసరి, పరిశోధనలో ఎదగాలంటే పీహెచ్‌డీ కూడా. కాకతీయ, ఉస్మానియాలకు సీపీగెట్, ఐఐటీలకు జామ్, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) సాయంతో నడిచే కోర్సులకు గ్యాట్-బి రాయాలి. తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే పీహెచ్‌డీలో నెలనెలా ఫెలోషిప్ అందుతుంది, ఇంటి మీద భారం పడదు. నాన్నగారికి ఈ లెక్క చూపించండి. బీఈడీ ఎమ్మెస్సీ తర్వాత కూడా చేయొచ్చని చెప్పండి.